పాత ఇంటి సామాన్లతో స్టిల్ లైఫ్: ఏవి పేర్చాలి, ఇత్తడి ఇత్తడిలా ఎలా వస్తుంది?

మీరడిగినవి రెండు. అమ్మమ్మగారింటి అటక మీద దొరికిన మరచెంబు, ఊరగాయ జాడీ, లాంతరు, పాత రేడియో, వీటన్నిటినీ స్టిల్ లైఫ్‌గా, అంటే కదలని వస్తువుల్ని పేర్చి చూస్తూ వేసే బొమ్మగా, ఒకే కాన్వాస్ మీద ఎలా పేర్చాలన్నది ఒకటి. ఇత్తడి వేస్తే పసుపు రంగు ప్లాస్టిక్‌లా వస్తోంది, ఏం చేయాలన్నది రెండోది. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఆయిల్స్‌లో ఇలాంటి సామాన్లే వేస్తున్నాను కాబట్టి నా అలవాట్లు చెబుతాను, పనికొచ్చినవి తీసుకోండి.

మొదటిదానికి జవాబు: అన్నీ ఒకే బొమ్మలో పెట్టకండి. లాంతరు, రేడియో, కళ్లజోడు, మడత పెట్టిన ఇన్‌లాండ్ లెటరు... ఈ జట్టు కనపడగానే ‘ఆ రోజులే వేరు’ అని బొమ్మే చెప్పేస్తుంది, చూసేవాళ్లకి ఇక చూడాల్సిందేమీ మిగలదు. క్యాలెండరుకి బాగానే ఉంటుంది లెండి. నేనైతే ఒకే పనిలో కలిసి తిరిగిన వస్తువుల్ని తీసుకుంటాను. జాడీ, దాని మూతికి కట్టే వాసెన గుడ్డ, ఒక చెక్క గరిటె. లేదా సోల, తవ్వ, చేట. మరచెంబు ప్రయాణాల వస్తువు, దాని పక్కన మడతపెట్టిన దుప్పటి ఒక్కటి చాలు. వస్తువులు తగ్గేకొద్దీ వాటి మధ్య ఖాళీ మీద కన్ను పడుతుంది. స్టిల్ లైఫ్‌లో సగం పని ఆ ఖాళీలోనే ఉంటుంది.

ఇటలీలోని బొలోన్యాలో జార్జో మొరాండి (1890–1964) అనే చిత్రకారుడు దాదాపు జీవితమంతా అవే సీసాలు, డబ్బాలు, కూజాలు అటూ ఇటూ జరుపుతూ వేశాడు. పడకగదే స్టూడియో. వస్తువుల మీద దుమ్ము పేరుకుంటే పేరుకోనిచ్చేవాడు, కొన్ని సీసాలకైతే మెరుపు చావడానికి రంగు కూడా పూసేవాడు. మన ఇళ్లలో ఆ దుమ్ము చూస్తే ఎవరూ ఊరుకోరు, అది వేరే సంగతి. కానీ ఒక్క మాట మాత్రం పట్టుకోండి: చింతపండు పెట్టి చెంబును తోమకండి. తోమిన ఇత్తడి అద్దమైపోతుంది. అందులో మీరు, ఈజిల్, తిరుగుతున్న ఫ్యాను అన్నీ కనిపిస్తాయి, వాటితో వేగలేరు. కాస్త మసిబారిన చెంబులో మెరుపు ఒకటి రెండు చోట్లే నిలుస్తుంది.

వెలుతురు గురించి మీరు అడగలేదు గానీ, మీ కష్టంలో సగం అక్కడే ఉందనుకుంటున్నాను. ఉత్తరం కిటికీ మంచిదని పుస్తకాలన్నీ చెబుతాయి, ఎండ నేరుగా పడదని. అది యూరప్ వాళ్ల లెక్క. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెమే పైనుంది, కాబట్టి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. వేసవిలో పొద్దున, సాయంత్రం కూడా ఆ కిటికీలోకి ఏటవాలుగా ఎండ వస్తుంది. కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టండి, లేదంటే బటర్ పేపర్ అంటించండి. ఆ గదిలో ట్యూబ్‌లైటు మాత్రం ఆర్పేయండి. రెండు వెలుతుర్లు కలిస్తే ప్రతి వస్తువుకీ రెండేసి నీడలు పడి, ఆకారం చెదిరిపోతుంది. రాత్రిపూట వేసేవాళ్లయితే సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైనున్న, పగటి వెలుతురులా తెల్లగా ఉండే 5000 కెల్విన్ బల్బు ఒకటి చాలు.

ఇక ఇత్తడి. మీరు ట్యూబులోంచి క్యాడ్మియం యెల్లో తీసి, దానికి తెలుపు కలిపి మెరుపు, నలుపు కలిపి నీడ వేస్తున్నారనుకుంటా. ఆ పద్ధతిలో ప్లాస్టికే వస్తుంది. చెంబును కళ్లు చిట్లించి చూడండి. పసుపు అనదగ్గ భాగం చాలా తక్కువ. ఎక్కువభాగం ముదురు గోధుమ, ఆకుపచ్చ తిరిగిన మట్టిరంగు, కింద బల్ల మీది గుడ్డ రంగు. నేను చెంబు ఒళ్లంతా యెల్లో ఆకర్ (మట్టి పసుపు), రా అంబర్ (ఆకుపచ్చ తిరిగిన గోధుమ)లతో మొదలుపెట్టి, నీడల్లో బర్న్‌ట్ అంబర్‌కి (ముదురు గోధుమ) అల్ట్రామరీన్ నీలం కలుపుతాను. అంబర్లు త్వరగా ఆరతాయి కాబట్టి మొదటి పొరకి అది కూడా కలిసొస్తుంది. మెరుపును ఆనుకునే దాదాపు నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది. చాలామందికి అంత ముదురు రంగు పెట్టడానికి చేయి రాదు. ధైర్యంగా పెట్టండి, మెరుపు దానంతటదే లేస్తుంది.

మెరుపు రంగులో ఇంకో తేడా ఉంది. లోహం మీద పడిన వెలుతురు లోహం రంగు పులుముకుని వెనక్కొస్తుంది, అందుకే ఇత్తడి మీద హైలైట్ లేత పసుపు. జాడీ గ్లేజు మీద అలా కాదు. పైన గోధుమరంగు, కింద మీగడరంగు ఉన్నా, హైలైట్ మాత్రం రెండుచోట్లా కిటికీ వెలుతురు రంగులోనే ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే అందులో కిటికీ ఊచలు కూడా వంకరగా కనిపిస్తాయి. చెంబును, జాడీని పక్కపక్కన పెట్టి ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఏది లోహమో ఏది పింగాణీయో చూసేవాళ్లకి చెప్పాల్సిన పనుండదు.

మీరు పెట్టిన ఫొటోలో చెంబు మెడ కింద చుక్కలతో కొట్టించిన పేరు ఉంది. దాన్ని సన్న కుంచెతో అక్షరాలుగా రాయకండి, సైన్‌బోర్డు అతికించినట్టుంటుంది. ఒక్కో చుక్కా చిన్న గుంట: కిటికీ వైపు అంచు చీకటి, అవతలి అంచు వెలుగు. వెలుతురూ నీడా కలిసే చోట నాలుగైదు చుక్కలు అలా స్పష్టంగా పెట్టి, నీడవైపు వెళ్లేకొద్దీ వదిలేయండి. చెంబు గుండ్రంగా తిరుగుతున్నట్టు ఆ చుక్కలే చూపిస్తాయి. చెంబు మూతి, అడుగు రెండూ ఒకే ఎలిప్స్ (పక్కనుంచి చూస్తే నొక్కుకుపోయినట్టు కనిపించే గుండ్రం) కాదని కూడా గమనించండి. మీ కంటి ఎత్తుకి దగ్గరున్న మూతి సన్నగా, కిందున్న అడుగు మరింత గుండ్రంగా కనిపిస్తుంది.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు షార్దాఁ వేసిన రాగి నీళ్లతొట్టి బొమ్మ ఉంది, 1734 ప్రాంతపుది. సైజు మన ఏ ఫోర్ కాగితమంత. నెట్‌లో పెద్దది చేసి చూడండి, రాగిలో ఎన్ని రంగులున్నాయో, ఎరుపు ఎంత తక్కువో తెలుస్తుంది. మీరు కూడా ఆ సైజులోనే మొదలుపెట్టండి.

ఇంకా సామాన్లు కావాలంటే పురానాపూల్ దగ్గర గురువారాల్లో జరిగే జుమ్మేరాత్ బజారుకి పొద్దున్నే వెళ్లండి. యాంటిక్ షాపుల్లో వద్దు. అక్కడ అన్నీ పాలిష్ చేసి పెడతారు, ధర కూడా పాలిష్‌కే. సొట్ట పడ్డవి, పిడి ఊడినవి ఏరుకోండి, అవి తక్కువకే వస్తాయి.

రేడియో మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. డయల్ గాజు, స్పీకర్ గుడ్డ, బేకలైట్ ఒళ్లు, మూడూ వెలుతురును మూడు రకాలుగా తీసుకుంటాయి, పైగా పెట్టె అంచుల పర్‌స్పెక్టివ్ ఏమాత్రం తప్పినా కనపడిపోతుంది. ముందు జాడీ ఒక్కటీ వేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.