తెల్ల ప్యాకెట్టా, పాత ఎరుపా? ప్యాకింగ్ డిజైన్‌పై పాఠకుల ప్రశ్నలు

మేం కంది పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి చేసి కిరాణా కొట్లకు వేస్తున్నాం. ఇన్నాళ్లూ ఎర్ర ప్యాకెట్, మీద వేడన్నం, నెయ్యి బొమ్మ. ఇప్పుడు డిజైనరు మూడింటినీ తెల్లగా, మధ్యలో చిన్న పేరుతో చేద్దామంటున్నారు. ట్రెండ్ అదేనట. మారమంటారా?
– ఓ పాఠకురాలు, తణుకు

మారండి, కానీ అన్నీ ఒకేసారి మార్చకండి. బొమ్మలు తగ్గించి ఖాళీ ఎక్కువ వదిలే పద్ధతి ఫోన్‌లో చూసి కొనే సరుకుకు బాగా నప్పుతుంది. తెరమీద ప్యాకెట్ బొటనవేలంతే కనిపిస్తుంది కదా, గీతలు తక్కువున్నదే కంటికి ఆనుతుంది. కిరాణా కొట్టులో లెక్క వేరు. అలవాటైన సరుకును జనం పేరు చదివి తీసుకోరు, రంగూ బొమ్మా చూసి చెయ్యి చాపుతారు.

దీనికి అమెరికాలో జరిగిన ఉదాహరణ ఒకటుంది. 2009 జనవరిలో పెప్సికో తన ట్రాపికానా నారింజ రసం డబ్బా మార్చింది. నారింజ పండులో స్ట్రా గుచ్చిన పాత బొమ్మ తీసేసి రసం గ్లాసు పెట్టారు. అడ్డంగా ఉండే పేరును నిలువుగా తిప్పారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కానీ రోజూ కొనేవాళ్లకు తమ డబ్బా ఏదో తెలియలేదు, ఏదో చవక రకం అనుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోయాయి. ఫిబ్రవరి 23న పాత డబ్బాకే వెళ్తున్నట్టు ప్రకటించారు. లోపల రసం మారలేదు. గుర్తుపట్టే ఆనవాళ్లన్నీ ఒకేసారి పోవడమే దెబ్బ తీసింది.

మీ ఆనవాళ్లు మూడు: ఎరుపు, అన్నం బొమ్మ, పేరు రాసిన తీరు. ఈ విడతలో ఒక్కదాన్నే ముట్టుకోండి. నా సలహా, బొమ్మను సరళం చేయండి, ఎరుపు ఉంచండి. పైగా మూడు పొడులూ తెల్లగా ఒకేలా ఉంటే కొట్టువాళ్లే ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తారు. ముందువైపు కనీసం మూడో వంతు మేర ఒక్కో పొడికి ఒక్కో రంగు పట్టీ ఇవ్వండి.

అచ్చుకు ఇచ్చేముందు ప్రూఫ్‌ను (అచ్చు నమూనాను) అసలు సైజులో తీసి పాత ప్యాకెట్‌కు అతికించి, కొట్టులో మిగతా సరుకు మధ్య పెట్టండి. మీ సరుకు తెలియని మనిషిని ఆరడుగుల దూరంలో నిలబెట్టి మూడు సెకన్లు చూపించి, అదేమిటో అడగండి. ‘ఏదో పొడి’ అన్నారంటే పేరు సైజు చాలలేదు.

ఇంకో మాట. అందం చెడుతుందని కొందరు డిజైనర్లు శాకాహార గుర్తును బూడిద రంగులోకి మార్చేస్తున్నారు, వెనక్కి తోసేస్తున్నారు. అది ఆకుపచ్చగానే, ముందువైపు పేరు దగ్గరే ఉండాలి. ముందు భాగం 100 నుంచి 500 చదరపు సెంటీమీటర్లయితే చుక్క వ్యాసం కనీసం 4 మి.మీ., చుట్టూ చతురస్రం భుజం దానికి రెట్టింపు. 15 × 22 సెం.మీ. పౌచ్ ఈ లెక్కలోకే వస్తుంది.

లేబుల్ మీద ‘పచ్చడి’ అని రాయిస్తే ‘పచ్‌చడి’ అని అచ్చయి వచ్చింది. రెండు వేల లేబుళ్లు పారేశాం. తప్పు ఎక్కడ జరిగింది?
– ఓ పాఠకుడు, ఖమ్మం

సాఫ్ట్‌వేర్‌లో. డిజైన్లు చేసే ఇలస్ట్రేటర్‌లో భారతీయ భాషల అమరిక ఆన్ చేయకపోతే ఒత్తులు కిందికి దిగవు, పొల్లు అలాగే నిలబడిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్లి ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టాలి. తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ కంపోజర్ ఎంచుకోవాలి. ఫొటోషాప్‌లో అయితే ‘వరల్డ్ రెడీ లేఅవుట్’. అను ఫాంట్లతో చేసిన ఫైలుకు మరో జబ్బుంది. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేతాలు) కావు, ప్రింటరు దగ్గర ఆ ఫాంట్ లేకపోతే తెలుగంతా ఇంగ్లిష్ అక్షరాల గందరగోళమవుతుంది. ఏ ఫాంటయినా, ఫైలు పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా (గీతల బొమ్మలుగా) మార్చి, తెలుగు బాగా చదివే మనిషితో ఒక్కో అక్షరం చూపించండి. అవుట్‌లైన్ చేశాక దిద్దడం కుదరదు కాబట్టి మామూలు ఫైలు ఒకటి విడిగా దాచుకోండి.

ఇప్పటి డిజైన్లలో ఇంగ్లిష్ పేరును సన్నటి గీతలతో, అక్షరాల మధ్య ఎడం పెంచి రాస్తున్నారు. తెలుగుకు ఆ కొలతే వాడితే చెడుతుంది. ఎడం పెంచితే ఒత్తు తన అక్షరం కింద నిలవక పక్కకు జరగొచ్చు, అందుకే ట్రాకింగ్ (అక్షరాల ఎడం) సున్నాలో ఉంచండి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి గనక అక్షరం 10 పాయింట్లయితే వరుసల ఎడం 15, 16 ఇవ్వండి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు వేస్తే చుట్టూ సిరా పాకి సన్నటి తలకట్లు పూడుకుపోతాయి. అక్కడ గీత మందం పావు మిల్లీమీటరుకు తగ్గకూడదు.

ఉచితంగా దొరికే ఫాంట్లలో అనేక్ తెలుగు నాకు బాగా నచ్చుతుంది. మందం, వెడల్పు రెండూ మార్చుకోవచ్చు, ఇరుకు లేబుల్‌లో పొడవాటి పేరు కూడా పడుతుంది. పాత కొట్టు బోర్డులా నిండుగా కావాలంటే రామభద్ర చూడండి.

కారం, పసుపు కోసం లోపలి సరుకు కనిపించే కిటికీ ఉన్న గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ పౌచ్‌లు తీసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

కారానికి కిటికీ వద్దు. వెలుతురు తగిలేకొద్దీ మిరప ఎరుపు వెలిసిపోతుంది, కిటికీ వెనకున్నది ముందు పాలిపోయి సరుకంతా పాతదిలా కనిపిస్తుంది. తప్పదంటే వెనకవైపు రెండు వేళ్లంత పెట్టించండి. క్రాఫ్ట్ మీద నేరుగా వేసిన పసుపు రంగు మట్టి రంగులోకి తిరుగుతుంది, కింద తెల్ల సిరా పూత వేస్తారా అని ముందే అడగండి. నింపేటప్పుడు గరాటు వాడి, పైన మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. సీల్ పడే చోట పొడి అంటుకుంటే అతుకు పట్టదు.

లేబుల్ మీద చేర్యాల బొమ్మలు వాడొచ్చా?
– ఓ పాఠకుడు, సిద్దిపేట

వాడండి, ఎంతో బాగుంటుంది. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ మాత్రం తీసుకోకండి. చేర్యాలలోని నకాశీ కళాకారులతోనే గీయించి, ఎన్ని సరుకుల మీద, ఎన్నేళ్లు వాడతారో కాగితం రాసుకుని డబ్బివ్వండి. ఆ బొమ్మల నేపథ్యం ఎరుపే కాబట్టి మీ పేరు తెల్లగానో పసుపుగానో ఉండాలి.

బార్‌కోడ్‌ను మా బ్రాండ్ ఎరుపులో వేయొచ్చా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

వద్దు. చాలా స్కానర్ల వెలుగు ఎర్రది. ఆ వెలుగులో ఎర్ర గీత, తెల్ల కాగితం ఒకటే. తెలుపు మీద నలుపు వేయండి. పూర్తి సైజు 37.29 × 25.93 మి.మీ., అందులో 80 శాతం కంటే చిన్నది చేయకండి. గుండ్రటి సీసా మీద గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా వచ్చేట్టు తిప్పి అతికించండి.