"ఫోను ఉంది కదా" అన్నావట, ఆ మాట మీదే ఈ ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కు మావయ్య ఆశీస్సులు.

నీ సంగతి మీ అమ్మ చెప్పింది. వచ్చే శనివారం నువ్వూ మీ ఆఫీసు స్నేహితులు ముగ్గురూ కలిసి అరకు దారిలో అనంతగిరి వెళ్ళి, ఘాట్ రోడ్డు మీద బండి ఆపి అడవిలోకి నడవాలనుకుంటున్నారట. అందులో ఒకతనికి అక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారనీ, రాత్రికి అడవిపంది వేటకు తీసుకెళ్తానన్నాడనీ కూడా విన్నాను. మీ అమ్మ భయపడితే "ఫోను ఉంది కదమ్మా, ఏదైనా అయితే చేస్తాం" అని కొట్టిపారేశావట. అటవీ శాఖలో నౌకరీ చేసి రిటైరైనవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు వేట సంగతి తేల్చేద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపందిని వేటాడటం నేరం. తుపాకీ పట్టుకున్నవాడితో పాటు వెంట నడిచి సాయపడినవాడూ ఆ కేసులోకి వస్తాడు. చైత్రమాసంలో ఇటుకల పండుగకు మన్యంలో మగవాళ్ళు వేటకు బయలుదేరడం ఆచారం. అది వాళ్ళ పండుగ, వాళ్ళ నమ్మకం. రుషికొండలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు మాంసం మీద మనసుపడి దాన్ని అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చదు.

చట్టాన్ని పక్కన పెట్టి ప్రాణం సంగతే చూద్దాం. రాత్రి వేటలో పొద కదిలితే చాలు, నాటు తుపాకీ పేలుతుంది. పొదలో ఉన్నది పందో మనిషో తర్వాత తెలుస్తుంది. పందుల కోసం కొందరు చేల అంచున కరెంటు తీగలు పరుస్తారు. నేలకు జానెడు ఎత్తులో ఉన్న ఆ సన్నటి ఇనుప తీగ టార్చి వెలుతురులో కూడా గడ్డిలో కలిసిపోతుంది. దాని మీద పడి చచ్చిన ఆవులను చూశాను, మనుషులనూ చూశాను. ఇక నీ ఫోను సంగతి. అలాంటి గుంపులో ఒకడికి గుండు తగిలితే మిగతావాళ్ళు వెంటనే అత్యవసర నంబరు 112కు చేస్తారనుకుంటున్నావా? ముందు తుపాకీ దాస్తారు. తర్వాత పోలీసులకు ఏం చెప్పాలో కథ అల్లుతారు. ఆ తర్వాత ఫోను తీస్తారు. ఈలోపు రక్తం ఆగదు కదా. ఎక్కడున్నావో, ఎందుకున్నావో నోరు తెరిచి చెప్పుకోలేని చోట నీ దగ్గర ఎంత ఖరీదైన ఫోను ఉన్నా ఒకటే. కాబట్టి ఆ వేట మాట ఎత్తినవాడికి రాలేనని చెప్పెయ్యి. మొహమాటపడకు.

పగటిపూట అడవిలో నడవడం వేరే సంగతి. అది తప్పకుండా చెయ్యి. కాకపోతే రోడ్డు దిగి రిజర్వు అడవిలోకి వెళ్ళే ముందు అక్కడి ఫారెస్టు వాళ్ళను అడిగి, వద్దన్న చోటికి వెళ్ళకు. ఊళ్ళో ఒక మనిషిని వెంట తీసుకెళ్ళి కూలి ఇవ్వు. దారి తెలిసిన ఒక్క మనిషి మీ నాలుగు ఫోన్లకంటే ఎక్కువ పని చేస్తాడు.

ఒకసారి మా రేంజిలో ఇద్దరు కుర్రాళ్ళు దారి తప్పారు. ఫోనులో చార్జింగ్ ఉంది, ఎలాగో సిగ్నల్ కూడా దొరికింది. "ఎక్కడున్నారు బాబూ?" అంటే "వాగు పక్కన పెద్ద రాయి ఉంది సార్, దాని దగ్గర" అన్నాడు ఒకడు. ఆ కొండల్లో వాగు లేని లోయ లేదు, రాయి లేని వాగు లేదు. "ఇంకేం కనిపిస్తోంది?" అంటే "చెట్లు సార్" అన్నాడు, పాపం. చివరకు వాళ్ళు దొరికింది ఫోను వల్ల కాదు. పొద్దున వాళ్ళకు టీ పోసిన ముసలాయన, ఎర్ర సంచీ కుర్రాళ్ళు కాఫీ తోట పక్క కాలిబాటలో దిగారని గుర్తు పెట్టుకున్నాడు. మా అడవి కాపలా వాచర్లు ఆ బాట పట్టుకుని వెళ్ళి చీకటి పడ్డాక తీసుకొచ్చారు.

అందుకే చెబుతున్నాను, ఫోను చేయాల్సిన పనుల్లో ముఖ్యమైనది మీరు అడవిలో కాలు పెట్టకముందే చేసేది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కక ముందే నాకొక మెసేజ్ పెట్టు. ఎవరెవరు వెళ్తున్నారు, బండి నంబరు ఎంత, బండి ఎక్కడ ఆపుతారు, ఏ ఊరి వైపు నడుస్తారు, ఎన్ని గంటలకు తిరిగి బండి దగ్గరికి వస్తారు, ఎన్ని గంటల దాకా ఫోను రాకపోతే నేను కదలాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఆఖరిది మరిచిపోకు. ఆ గంట ముందే అనుకోకపోతే "సిగ్నల్ లేదేమోలే" అనుకుంటూ ఇంట్లోవాళ్ళు తెల్లారేదాకా కూర్చుంటారు. కొండ మీద బండి ఆపిన చోట టీ కొట్టులోనో, తినుబండారాల దుకాణంలోనో కూడా ఇదే చెప్పి వెళ్ళు. దారిలో మనసు మార్చుకుని ఇంకో జలపాతానికి వెళ్ళాలనిపిస్తే, ముందు మార్చిన సంగతి చెప్పి తర్వాత వెళ్ళు.

సిగ్నల్ గురించి ఒక మాట. కొండల్లో అది ఎండ లాంటిది, గట్టు మీద పడినంతగా లోయలోకి దిగదు. టవరుకీ నీకూ మధ్య కొండ అడ్డం వస్తే అది రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నా లేనట్టే. నడుస్తున్నప్పుడు ఎక్కడెక్కడ సిగ్నల్ వస్తోందో గమనించుకుంటూ వెళ్ళు, ఆ చోటు అవసరానికి పనికొస్తుంది. నలుగురూ ఒకే కంపెనీ సిమ్ముతో వెళ్ళకండి. నీ కంపెనీ సిగ్నల్ లేకున్నా వేరే కంపెనీ టవరు అందుతుంటే 112కు ఫోను వెళ్ళే అవకాశం ఉంది. కాబట్టి తెర మీద గీతలు లేవని వదిలెయ్యకుండా ఒకసారి చేసి చూడు. మాట వెళ్ళని చోట కూడా ఒక్కోసారి ఎస్ఎంఎస్ వెళ్తుంది, దానికి కొద్దిపాటి సిగ్నల్ చాలు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టి నిశ్చింతగా ఉండకు. నెట్ లేని చోట అది కదలదు, నువ్వు గంట క్రితం ఉన్న చోటే చూపిస్తూ ఉంటుంది. దాన్ని నమ్మి వెతికేవాళ్ళు తప్పుడు లోయలో తిరుగుతారు.

జీపీఎస్ అలా కాదు. ఫోను ఉపగ్రహాల నుంచి వచ్చేది వింటుంది, అంతే. దానికి టవరు అక్కర్లేదు. విశాఖలో ఉండగానే ఆ ప్రాంతం మ్యాపు ఫోనులోకి దించుకుంటే అడవిలో నెట్ లేకున్నా నువ్వు ఎక్కడున్నావో చుక్క కనిపిస్తుంది. దట్టమైన చెట్ల కింద అది కొంచెం తడబడుతుంది. ఆకాశం కనిపించే చోట కాసేపు నిలబడు. బండి ఆపిన చోట ఒక గుర్తు పెట్టుకో. సాయం అడగాల్సి వస్తే అక్షాంశ రేఖాంశాల అంకెలు చదివి చెప్పు. మన మన్యంలో మొదటి అంకె 18కి అటూ ఇటూగా, రెండోది 82 గానీ 83 గానీ ఉంటుంది. దశాంశం తర్వాత నాలుగు అంకెలు చాలు, పదకొండు మీటర్ల తేడాలో నువ్వు దొరుకుతావు. ఏది ముందో సరిగ్గా చెప్పు. తారుమారు చేశావంటే ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో తేలతావు. అక్కడికి మా వాచర్లు రాలేరు.

అంకెలతో పాటు ఊరి పేరు, పంచాయతీ పేరు, మండలం పేరు కూడా చెప్పు. అనంతగిరి, అరకు ఇప్పుడు విశాఖ జిల్లాలో లేవు. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి, జిల్లా కేంద్రం పాడేరు. కంగారులో పాత అలవాటు కొద్దీ "విశాఖ జిల్లా" అంటే అవతలివాళ్ళు వేరే వైపు ఆలోచిస్తారు. ఇంకా లోపలికి వెళ్తే ఫోను ఒడిశా టవరు పట్టుకోవచ్చు. అప్పుడు ముందు ఆంధ్రప్రదేశ్ అని చెప్పి, తర్వాత మిగతాది చెప్పు. 108 బండి తారు రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి నుంచి నీ దగ్గరికి మనుషులే రావాలి. ఆ కొండల్లో జబ్బుపడినవాళ్ళను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్ళున్నాయి. కాబట్టి "నేను ఎక్కడున్నాను" అన్న దానితో పాటు "మీ బండి ఎక్కడ ఆగాలి" అన్నది కూడా చెప్పడం నేర్చుకో.

చార్జింగ్ అడవిలో ఊరికంటే త్వరగా అయిపోతుంది. సిగ్నల్ దొరకని ఫోను టవరు కోసం ఆగకుండా వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది. నడిచేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. చాలా ఫోన్లలో అప్పుడు కూడా జీపీఎస్ పని చేస్తుంది, నీది చేస్తుందో లేదో బీచ్ రోడ్డులో ఒకసారి చూసుకో. నలుగురిలో ఒకరి ఫోనుతోనే ఫొటోలు తీయండి. ఇద్దరి ఫోన్లు పూర్తిగా ఆపేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వేర్వేరు సంచుల్లో పెట్టండి. ఒకే సంచీలో పెడితే ఆ సంచీ వాగులో పడినప్పుడు రెండూ పోతాయి. డిసెంబరు, జనవరి చలికి కూడా బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి ఉండాల్సి వస్తే ఫోను లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకో. ఫోను టార్చిని నమ్ముకోకు, వేరే టార్చిలైటు, ఒక ఈల పట్టుకెళ్ళు. ఈల మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదడం ఆపదకు గుర్తు. గొంతు పోయినా ఈల పోదు.

లాకు తీయకుండానే కనిపించేలా నీ రక్తం గ్రూపు, మీ అమ్మ నంబరు పెట్టుకో. పవర్ బటన్ వరసగా నొక్కితే అత్యవసర ఫోను వెళ్ళే ఏర్పాటు కూడా ఇప్పటి ఫోన్లలో ఉంది. మీ ఫోనులో ఎన్నిసార్లు నొక్కాలో సెట్టింగ్స్‌లో చూసి మీ నలుగురూ తెలుసుకోండి. జేబులో పొరపాటున నొక్కుకుపోకుండా కూడా చూసుకోండి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎలుగుబంటి దగ్గరపడే దాకా మనిషిని గమనించదు, ఉలిక్కిపడితే మీదికి వస్తుంది. మలుపుల దగ్గర మాట్లాడుకుంటూ నడవండి, అది వినబడి తప్పుకుంటుంది. అది రొప్పడమూ ఎండుటాకులు నలగడమూ మీకూ వినబడాలి. కెమెరా తెర చూస్తూ జలపాతం రాళ్ళ మీద వెనక్కి నడిచేవాళ్ళ గురించి ఇక రాయను, నీకు ఆ బుద్ధి లేదు.

పాము కాటేస్తే కోయకు, పీల్చకు, గట్టిగా కట్టు కట్టకు. కాలు కదలకుండా ఉంచి 108కు చెయ్యి. పాము ఫొటో కోసం దాని వెంట పడకు. నలుగురిలో ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు వాళ్ళ దగ్గర ఉండాలి, ఇద్దరు కలిసి సిగ్నల్ దొరికిన చోటికి వెళ్ళాలి. వెళ్ళే ముందు దెబ్బతిన్నవాళ్ళు ఉన్న చోటు అంకెలు ఫోనులో రాసుకోండి, మెసేజ్ కూడా అక్కడే టైపు చేసి పెట్టుకుంటే సిగ్నల్ దొరకగానే పంపొచ్చు. చీకటి పడ్డాక మాత్రం సిగ్నల్ కోసం ఎవరూ కొండ ఎక్కొద్దు. ఉన్న చోటే ఉండండి. నా దగ్గర మీ గంట రాసి ఉంటుంది కాబట్టి మనుషులు బయలుదేరే ఉంటారు.

మీ అన్నయ్య అమెరికా నుంచి ఉపగ్రహంతో మాట్లాడే పరికరం పంపుతానన్నాడట. వద్దని చెప్పు. మన దేశంలో శాటిలైటు ఫోన్లు, అలాంటి పరికరాలు ప్రభుత్వ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. దాన్ని పట్టుకొచ్చేవాడు విమానాశ్రయంలోనే ఇరుక్కుంటాడు.

కంబాలకొండకే వెళ్తాం, ఊరి పక్కనే కదా అని శనివారం పొద్దున్నే ప్లాను మార్చినా ఇవన్నీ అంతే. అది 2002 నుంచి అభయారణ్యం, చిరుతలున్నాయి. అనుమతించిన దారి దాటొద్దు. మేడల మీద టవర్లు కనిపిస్తున్నాయి కదా అని ఆ కొండల మడతల్లోకి దిగకండి.

నా పవర్ బ్యాంకు బీరువాలో ఉంది, శుక్రవారం సాయంత్రం సీతమ్మధార వచ్చి తీసుకెళ్ళు. పూర్తిగా చార్జింగ్ పెట్టించి ఉంచుతాను. కేబుల్ మాత్రం నీదే తెచ్చుకో, నాది పాత రకం, మీ ఫోన్లలో దూరదు. మీ అత్తయ్య పులిహోర కట్టిస్తానంటోంది, ఎంతమందికో చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య