ఎక్స్‌ప్రెస్ జనరేటర్‌తో (నోడ్‌లో వెబ్ సర్వర్లు రాసుకునే ఎక్స్‌ప్రెస్‌కి మొదటి ఫైళ్ళు తయారుచేసిచ్చే టూల్) ప్రాజెక్ట్ చేశా, «నోడ్ యాప్.జేఎస్» కొడితే ఏమీ రావట్లేదు. అన్నీ చేత్తో రాసుకోవడమే మేలా?

ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు, ప్రాంప్ట్ వెనక్కి వచ్చేసింది, అంతేనా? నాకూ అచ్చం ఇలాగే అయింది, అదీ మొదటి ఉద్యోగంలో, పొద్దున్నే డెమో ఉందనగా ముందురోజు రాత్రి. నోడ్ తీసేసి మళ్ళీ వేశా, పోర్ట్ మార్చా, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశా, ఎర్రర్ అంటూ వస్తే దాన్ని పట్టుకుని వెతుక్కోవచ్చు గానీ ఇది అసలు నోరే విప్పదు, టెన్షన్‌తో చెమటలు పట్టాయి. చివరికి ప్యాకేజ్.జేసన్ తెరిచి చూస్తే స్టార్ట్ స్క్రిప్ట్ దగ్గర «నోడ్ ./బిన్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ» అని ఉంది. ఆ ఫైలుకి .జేఎస్ తోక లేదని నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు!

సంగతేంటంటే, జనరేటర్ ఇచ్చే యాప్.జేఎస్ మిడిల్‌వేర్‌నీ (రిక్వెస్ట్ మధ్యలో దాటి వెళ్ళే కోడ్) రూట్లనీ (ఏ అడ్రస్‌కి ఏ జవాబో చెప్పే కోడ్) జతచేసి, ఆ యాప్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఊరుకుంటుంది. సర్వర్ లేపి పోర్ట్ తెరిచే పని బిన్ ఫోల్డర్లోని ఆ ఫైలుది. యాప్.జేఎస్‌ని నేరుగా నడిపితే నోడ్‌కి ఎదురుచూడాల్సిన పని ఏదీ ఉండదు, అందుకే చప్పుడు చేయకుండా బయటికి వచ్చేస్తుంది. «ఎన్‌పీఎం స్టార్ట్» కొట్టండి, 3000 పోర్ట్‌లో పేజీ వస్తుంది. ఇలా విడదీయడం అనవసరపు హంగామా అనుకునేవాణ్ణి, సూపర్‌టెస్ట్ అనే లైబ్రరీతో టెస్టులు రాసినప్పుడు తెలిసొచ్చింది, 3000లో ఇంకో సర్వర్ నడుస్తున్నా గొడవ లేకుండా యాప్‌ని తెచ్చుకుని పరీక్షించుకోవచ్చు.

కాబట్టి చేత్తో రాయనక్కర్లేదు, కానీ అది ఇచ్చినదాన్ని కళ్ళు మూసుకుని తీసుకోవద్దు కూడా. వ్యూ (పేజీల హెచ్‌టీఎంఎల్ తయారుచేసే టెంప్లేట్ ఇంజిన్) ఏదో చెప్పకపోతే జేడ్ పెట్టేస్తుంది, అది ఎప్పుడో పగ్ అని పేరు మార్చుకున్న పాత సరుకు, ఇన్‌స్టాల్ చేయగానే ఎన్‌పీఎం ఆడిట్ సెక్యూరిటీ హెచ్చరికలు కుమ్మరిస్తుంది. «ఎన్‌పీఎక్స్ ఎక్స్‌ప్రెస్-జనరేటర్ --వ్యూ=పగ్» అనండి, లేదా పగ్ బదులు ఈజేఎస్ అనే ఇంకో ఇంజిన్ పెట్టండి. ఉట్టి ఏపీఐ అయితే «--నో-వ్యూ» ఉంది, కాకపోతే దాంతో 404 హ్యాండ్లర్, ఎర్రర్ హ్యాండ్లర్ రావు, మీరే రాసుకోవాలి.

పాత ట్యుటోరియల్స్‌లో ఎక్స్‌ప్రెస్‌నే గ్లోబల్‌గా వేసుకోమని ఉంటుంది, అది 3వ వెర్షన్ నాటి మాట. 2014లో 4వ వెర్షన్‌తో ప్రాజెక్ట్ తయారుచేసే «ఎక్స్‌ప్రెస్» కమాండ్‌ని విడదీసి వేరే ప్యాకేజీగా పెట్టారు, «కమాండ్ నాట్ ఫౌండ్» అని వస్తే కారణం చాలాసార్లు అదే.

ఇంకో మాట. జనరేటర్ ప్యాకేజ్.జేసన్‌లో రాసేది ఎక్స్‌ప్రెస్ 4. అందులో అసింక్ రూట్‌లో (డేటాబేస్ లాంటి వాటి జవాబు కోసం ఆగే రూట్) తప్పు జరిగితే ఎర్రర్ హ్యాండ్లర్ దాకా దానంతటది చేరదు, ట్రై-క్యాచ్ పెట్టి నెక్స్ట్ ఫంక్షన్‌కి అందించాలి. 2024లో వచ్చిన 5 ఆ పని తనే చేస్తుంది. నేనిప్పుడు జనరేట్ చేయగానే 5కి మార్చేస్తా, కొత్త ప్రాజెక్టే కదా, విరగడానికి ఏమీ ఉండదు. జనరేటర్ నమూనాగా ఇచ్చే యూజర్స్ రూట్ ఫైలూ అప్పుడే తీసేస్తా, యాప్.జేఎస్‌లో దాని రెండు లైన్లు కూడా తీయడం మర్చిపోకండి, లేకపోతే ఈసారి ఎర్రర్ గట్టిగానే వస్తుంది.