గుండు కడుపు గురించి పండుకి

పండూ,

పొద్దున మీ కుక్క గుండు లేచి నీళ్ళు తాగి తోకాడించాడన్నావు గనక ఇక నిన్ను తిట్టొచ్చు. పక్కింటి గృహప్రవేశం భోజనం మిగిలిందని వాడికీ ఓ ఆకు వేస్తావా! రోజూ గింజల మేత తినే కడుపుకి ఒక్కసారిగా వడలూ, నెయ్యి అన్నమూ, సాంబారూ పడితే కక్కుకోక ఏం చేస్తాడు?

ముందు ఒక్కటి చెప్పు. పాయసం తినలేదని ఖాయమేనా? అందులో కిస్‌మిస్ ఉంటుంది. కొన్ని కుక్కలకి కాసిని తిన్నా మూత్రపిండాలు దెబ్బతింటాయి. తిన్నాడని ఏమాత్రం అనుమానమున్నా ఈ ఉత్తరం పక్కన పడేసి ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. బాగానే ఉన్నాడు కదా అని ఆగకు.

తినలేదంటే చదువు.

కక్కి కక్కి కడుపు ఖాళీ అయిపోయింది పాపం అని ఇప్పుడు నువ్వు పెరుగన్నం కలుపుతావు, నాకు తెలుసు. నేనూ అదే చేశాను. మాంబళంలో ఉన్నప్పుడు ఉగాదికి మా టామీ నాలుగు బొబ్బట్లు లాగించేశాడు. కక్కగానే పెరుగన్నం పెట్టాను, మళ్ళీ కక్కాడు. మళ్ళీ పెట్టాను. అది చాలక మీ పెదనాన్న వేసుకునే నొప్పి మాత్ర ఒకటి బెల్లంలో చుట్టి మింగించాను. ఆసుపత్రిలో డాక్టరు ఒక్క మాటా అనలేదు. ఆ మాత్రల అట్ట తీసుకుని, తిరగేసి చదివి, బల్లమీద పెట్టి నా మొహంలోకి చూశాడు. తిట్టినా బావుండేది. మన నొప్పి మాత్రలు కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయట. కక్కించడానికి ఉప్పునీళ్ళు పోయడం కూడా అంతే ప్రమాదం.

గుండు పెద్దవాడు, ఆరోగ్యం గలవాడు. ఓ పన్నెండు గంటలు ఏమీ పెట్టకపోతే కరిగిపోడు. నీళ్ళు మాత్రం అరగంటకోసారి అర టీగ్లాసు చొప్పున ఇవ్వు. గిన్నెడు ఒక్కసారే పెడితే గటగటా తాగేసి మళ్ళీ కక్కుతాడు. (కూనలను ఇలా పస్తు పెట్టకూడదు. టీకాలు పడని కూన కక్కిందంటే పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు కావచ్చు, నేరుగా డాక్టరే.) కక్కడం ఆగాక మెత్తగా ఉడికిన అన్నం రెండు వంతులు, తోలు తీసి ఉడికించిన కోడిమాంసం ఒక వంతు పెట్టు. ఉప్పు వద్దు, పోపు వద్దు, ఎముక అసలే వద్దు. నాలుగేసి ముద్దలు, రోజుకి నాలుగుసార్లు. రెండు మూడు రోజులయ్యాక పాత మేత కొంచెం కొంచెం కలుపుతూ రా.

సాంబారు సంగతి వేరు. మన చెన్నై సాంబారు నిండా చిన్న ఉల్లిపాయలేగా. ఉల్లీ వెల్లుల్లీ కుక్కల నెత్తుట్లో ఎర్రకణాలను పగలగొడతాయి, ఉడికించినా అంతే. అది వెంటనే తెలీదు, కొన్ని రోజులు పడుతుంది. అందుకని ఈ వారమంతా పొద్దునా సాయంత్రం వాడి పెదవి ఎత్తి చిగురు చూడు. గులాబీరంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయినా, మూత్రం కాఫీ డికాక్షన్‌లా వచ్చినా, నడిస్తే ఆయాసపడినా ఆలస్యం చేయకు.

నెత్తురు పడినా, తాగిన నీళ్ళు కూడా నిలవకపోయినా, ఒక రోజు దాటి కక్కుతున్నా ఇంట్లో వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. పొట్ట డోలులా బిగిసి, ఓకరిస్తూ ఏమీ రాకపోతే అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. మాకు 1903లో పెట్టిన వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రే దిక్కు. వేళచ్చేరి నుంచి నీకది దూరం. దగ్గర్లో రాత్రిపూట చూసేవాళ్ళెవరో ఇవాళే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించు.

ఎన్ని ఉల్లిపాయలు తిన్నాడో అంచనాగా రాసుకుని డాక్టరుకి ఫోన్ చేయి. మొదట అడిగేది బరువే. వాడు కాటా మీద నిలబడడు. ముందు నువ్వెక్కి చూసుకో, తర్వాత వాణ్ణి ఎత్తుకుని ఎక్కు, తీసివేత వేసి నాకూ చెప్పు.

మీ పెద్దమ్మ