దెబ్బ తగిలితే కైరోప్రాక్టర్ దగ్గరకు వెళ్లాలా, ఫిజియోథెరపిస్టు దగ్గరకా?

కాలు మడతపడటం, మోకాలికి దెబ్బ తగలడం వంటి గాయాలకు ముందుగా ఎముకల డాక్టరుకు చూపించి, ఎముక విరగలేదని తేలాక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లడమే మంచిది. కైరోప్రాక్టర్ ప్రధానంగా వెన్నుపూసలను, కీళ్లను చేత్తో ఒక్క ఉదుటున నొక్కి సర్దుతారు. ఫిజియోథెరపిస్టు దెబ్బతిన్న కండరాలకు, స్నాయువులకు వ్యాయామాలతో బలాన్నీ కదలికనూ క్రమంగా తిరిగి తెప్పిస్తారు. గాయానికి ప్రధానంగా కావలసింది ఈ రెండోదే. పైగా ఫిజియోథెరపీకి మన దేశంలో వైద్య అనుబంధ వృత్తులపై 2021లో వచ్చిన చట్టం కింద గుర్తింపు ఉంది.

అలిపిరి దారిలోని 3,550 మెట్లు ఎక్కి, దిగేటప్పుడు ఒకరి చీలమండ మడతపడిందనుకుందాం. వాపు తగ్గుముఖం పట్టాక గోడ పట్టుకొని మడమలు పైకెత్తడం, ఆ తర్వాత ఒంటికాలిపై కాసేపు నిలబడటం చేయిస్తారు. నొప్పి పోయిందని ఈ సాధనను మధ్యలో మానేస్తే, అదే కాలు మళ్లీ మడతపడే అవకాశం ఎక్కువ.

కీలు 'టక్'మంటే పక్కకు జరిగిన ఎముక చోటికి వచ్చిందని చాలామంది నమ్ముతారు, కానీ ఆ శబ్దం కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టడం వల్ల వచ్చేదే. కొన్ని రకాల నడుము నొప్పికి కైరోప్రాక్టిక్ ఉపశమనం ఇవ్వవచ్చు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు, ముఖ్యంగా మెడ దగ్గర, అలాంటి నొక్కుడు ప్రమాదకరం.