ముగ్గురు కొడుకులూ యోహానే ఎలా అయ్యారు?

మీ వారి ముత్తాతా, ఆయన తమ్ముళ్లిద్దరూ జర్మనీ చర్చి రిజిస్టర్‌లో యోహాన్‌లే ఉన్నారని, ఇంట్లోవాళ్లు చెప్పే క్లాస్ అనే ఆయన ఎక్కడా కనిపించలేదని రాశారు. టెన్షన్ పడకండి, రిజిస్టర్‌లో తప్పేమీ లేదు.

జర్మనీలో చాలా చోట్ల మగపిల్లలకు ముందు యోహాన్ అని తగిలించి, అసలు పేరు తర్వాత పెట్టేవారు. మన ఇళ్లలో అన్నదమ్ములందరికీ ముందు వెంకట ఉన్నట్టే. సంగీతకారుడు యోహాన్ సెబాస్టియన్ బాహ్‌నే చూడండి: తండ్రి యోహాన్ అంబ్రోసియస్, అన్నలు యోహాన్ క్రిస్టోఫ్, యోహాన్ యాకోబ్. రోజూ పిలిచే పేరును రూఫ్‌నామె అంటారు. కొన్ని రికార్డుల్లో దాని కింద గీత కూడా ఉంటుంది, స్కాన్ పెద్దది చేసి చూడండి.

ఇక క్లాస్. జర్మన్ ముద్దుపేర్లు చాలావరకు పేరు తోకలోంచి పుడతాయి. నికొలాస్‌లో చివరి ముక్కే క్లాస్. అలాగే యోహానెస్ హానెస్, హాన్స్ అవుతాడు, మార్గరెథా గ్రేటె అవుతుంది, మగ్దలేనా లేనా అవుతుంది. కాబట్టి ముందు యోహాన్ నికొలాస్ అని వెతకండి. నాకైతే మీ మనిషి ఆయనే అనిపిస్తోంది.

ఒక్క జాగ్రత్త. బిడ్డ చనిపోతే అదే పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం అప్పట్లో మామూలే. పాపం, ఆ తల్లులు! అందుకే బాప్తిస్మం దొరకగానే ఆగిపోకుండా మరణాల పుస్తకం కూడా చూడండి. ఆడవాళ్ల ఇంటిపేరు చివర ఇన్ కనిపిస్తే, అంటే ముల్లర్‌కు బదులు ముల్లరిన్ అని ఉంటే, అదీ అదే ఇంటిపేరు.