“నీకేం కావాలి” అంటే ఏమీ తోచనప్పుడు

“పెళ్లై పదకొండేళ్లయింది. హోటల్లో ‘నీకేం కావాలి’ అంటే ‘మీరేం తింటే అదే’ అనడం తప్ప ఏమీ తోచడం లేదు. బ్యాంకు పనులు రావు, దారులు గుర్తుండవు. నేనంటూ ఒకదాన్ని మిగిలానా?” అని అడిగారు.

మిగిలారండీ. కాకపోతే పెళ్లికి ముందున్న మీరు అటక మీద ఎక్కడో భద్రంగా ఉన్నారు, దించి దుమ్ము దులిపితే చాలు అనుకుంటే ఆ మనిషి దొరకదు. ఇన్నేళ్లలో మీవారి అలవాట్లు కొన్ని నిజంగానే మీవైపోయాయి. కాఫీ నుంచి టీకి మారి, ఇప్పుడు టీ పడకపోతే తలనొప్పి వస్తోందంటే ఆ టీ మీదే. దాన్ని వదిలించుకోవాల్సిన పని లేదు.

అందరిలోనూ ఇలాగే జరుగుతుంది. 1991లో అమెరికాలో ఆర్థర్ ఆరన్, ఆయన తోటి పరిశోధకులు పెళ్లైనవాళ్లకు ఒక్కో గుణం పేరు చూపించి, అది తమకు ఉందో లేదో బటన్ నొక్కి చెప్పమన్నారు. భార్యాభర్తల్లో ఒకరికుండి ఇంకొకరికి లేని గుణాల దగ్గర జవాబు కాస్త ఆలస్యమైంది. దగ్గరి మనిషిని మనలో ఎంతగా కలిపేసుకుంటామంటే, ఏది ఎవరిదో విడదీయడానికి మెదడుకు క్షణం పడుతుంది. మరుసటి ఏడాది వాళ్లే ఒక కొలబద్ద ఇచ్చారు: ‘నేను’, ‘తను’ అని రెండు వృత్తాలు, విడివిడిగా ఉన్న జత నుంచి దాదాపు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన జత దాకా 7 బొమ్మలు. కాగితం మీద మీరూ రెండు జతలు గీయండి: ఇప్పుడెలా ఉంది, ఎలా ఉంటే బాగుంటుంది. కానీ ఈ వృత్తాలు చెప్పని సంగతొకటి ఉంది. కలవడం కోసం ఎవరు జరిగారు? ఇద్దరూ చెరికొంత జరిగారా, ఒక్కరే జరిగారా? నా లెక్కలో అసలు చూడాల్సింది అదే.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది హోటల్ ముక్క కాదు, “బ్యాంకు పనులు రావు” అన్న ముక్క. కాపురంలో జ్ఞాపకాలు కూడా పంచేసుకుంటారు. ఎల్‌ఐసీ ప్రీమియం తేదీ ఆయన బుర్రలో, ఎవరింటి పెళ్లికి ఎంత చదివించారో మీ బుర్రలో. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో దీన్ని వివరించారు. ఏ విషయం ఎవరి దగ్గరుందో తెలిస్తే చాలు, రెండోవారు దాన్ని గుర్తుపెట్టుకునే శ్రమ పడరు. ఇల్లు నడవడానికి ఇది మంచి ఏర్పాటే. చిక్కేమిటంటే, “అది ఆయన చూసుకుంటారు” అన్నది కొన్నాళ్లకు “నాకు రాదు” అవుతుంది, ఇంకొన్నాళ్లకు “నేనంతే” అవుతుంది. పని పంపకం కాస్తా స్వభావం కింద చెలామణీ అవుతుంది.

దీనికి ఒక్క పని చాలు, మూడు నెలలు. కరెంటు బిల్లే తీసుకోండి. మొదటి నెల ఆయన పక్కన కూర్చుని, బిల్లు మీద సర్వీసు నంబరు ఎక్కడుంటుందో చూపిస్తారు. రెండో నెల మీరు కట్టి ఆయనకు చూపిస్తారు. మూడో నెల కట్టేస్తారు, అంతే. ఎక్కువమంది ఆగిపోయేది రెండో నెల్లోనే. ఓటీపీ కోసం మీరు తడుముకుంటుంటే “ఇలా ఇవ్వు, నేను చేసేస్తా” అని ఫోను తీసేసుకుంటారు. చెడ్డతనం కాదు, తొందర. “ఐదు నిమిషాలు ఆగండి” అనండి. ఓటీపీ ఆయన నంబరుకు వెళ్తుంటే ముందు ఆ నంబరు మార్పించుకోండి, లేదంటే ప్రతి నెలా అడుక్కోవడమే.

ఇష్టాల సంగతికొస్తే, ఒక నోటుబుక్కు తీసుకోండి. రెండు వారాలపాటు రోజుకు మూడు చిన్న నిర్ణయాలు రాయండి: ఏం జరిగింది, ఎవరి మాట మీద జరిగింది, ఇంట్లో మీరొక్కరే ఉంటే ఏం చేసేవారు. 42 నమోదులొస్తాయి. మూడో గడిలో వేరే జవాబున్న చోట కంగారు పడకండి, అక్కడ సర్దుకున్నారు, అంతే. ఖాళీగా వదిలేసిన గడులే చూడండి. ఆ ఖాళీలు ఆలోచిస్తే నిండవు, చేసి చూడాల్సిందే. కాకరకాయ ఇంట్లో ఎవరూ తినరని మానేశారా? పావుకిలో తెచ్చి మీ ఒక్కరికి వేపుడు చేసుకోండి. ఒక్కసారికే తేల్చేయకండి, మూడుసార్లు తిన్నాక చెప్పండి.

ఇక “మీ ఇష్టం” అనే బదులు ఏదో ఒక పేరు చెప్పండి, ఇడ్లీయో పెసరట్టో. తప్పు చెప్పినా నష్టం లేనంత చిన్న విషయాలతో మొదలెట్టండి. ఇన్నాళ్ల కడుపుమంటనంతా ఉద్యోగం విషయంలోనో పుట్టింటి విషయంలోనో గొడవ మధ్యలో బయటపెడితే, అది కోరికలా కాక నేరారోపణలా వినిపిస్తుంది. ఇంకో పొరపాటు, ఆయన ఉప్మా అంటే పంతానికి “నాకొద్దు” అనడం. అప్పుడూ మీ పళ్లెంలోకి ఏం రావాలో తేల్చింది ఆయనే కదా! “ఇన్నాళ్లూ ఇష్టంగానే తిన్నావుగా” అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోతారు. “అప్పుడు తిన్నాను, ఇవాళ ఇది కావాలి” అంటే సరిపోతుంది. సంజాయిషీ పెంచకండి.

ఒక మనిషికి తెలిసినవాళ్లు ఎంతమందో, అతనికి అన్ని ‘నేను’లు ఉంటాయన్నట్టుగా 1890లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ రాశారు. స్కూలు గేటు దగ్గర బాబు వాళ్ల మమ్మీ, అత్తవారింట్లో రెండో కోడలు, పక్కింటివాళ్లకు ఆంటీ. పోయిన వారం మిమ్మల్ని పేరు పెట్టి పిలిచినవాళ్లెందరో లెక్కేయండి. ముగ్గురి కంటే తక్కువుంటే, “ఒసేయ్” అనగల పాత స్నేహితురాలికి పదిహేను రోజులకోసారి అరగంట ఫోను చేయండి. పిల్లల మార్కుల కబుర్లు మాత్రం వద్దు.

పైదంతా మాట వినే మనిషితో ఉన్నప్పటి సంగతి. ఇడ్లీ కావాలన్నందుకు మూడు రోజులు మాట్లాడకపోవడం, మీ ఫోను తనిఖీ చేయడం, జీతం కార్డు దగ్గర పెట్టుకోవడం, పుట్టింటికి ఫోను చేయనివ్వకపోవడం ఉంటే అది వేరే లెక్క, ఈ చిట్కాలు పనికిరావు. మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ, మనసు కుంగిపోతుంటే టెలి మానస్ 14416కి గానీ ఇంటి బయట నుంచి ఫోను చేయండి. అలాంటి ఇంట్లో ఆ నోటుబుక్కు ఉంచకండి.